ప్రోనోటుకున్న గడువే పసిబిడ్డకూ

విశాఖపట్నంలో అప్పులిచ్చే అలవాటున్న ఎవరినైనా ప్రోనోటు ఎన్నాళ్ళు చెల్లుతుందని అడిగితే మూడేళ్ళని తడుముకోకుండా చెబుతారు. పూర్ణా మార్కెట్ వ్యాపారికి ఆ సంగతి తెలియడానికి లా చదవక్కర్లేదు. మూడేళ్ళు నిండేలోపు బాకీదారుని పిలిపించి నోటు తిరగరాయించుకోవాలి. లేదంటే ఎంతో కొంత జమ కట్టించుకుని, నోటు వెనక రాయించి సంతకం పెట్టించుకోవాలి. అప్పుడు గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్కకొస్తుంది. ఏమరుపాటున ఆ రోజు దాటిపోతే నోటుకు కాలదోషం పట్టినట్టే. డబ్బిచ్చిన మాట నిజమే అయినా కోర్టు వసూలు చేసిపెట్టదు.

పిల్లల మీద జరిగే కొన్ని నేరాలకూ మన చట్టంలో గడువు సరిగ్గా మూడేళ్ళే. మరికొన్నిటికి ఏడాది. ఇంకొన్నిటికి ఆరు నెలలు. అప్పిచ్చినవాడికి గడువు పొడిగించుకునే దారి చట్టమే చూపించింది. దెబ్బతిన్న బిడ్డకు మాత్రం అలాంటి గడువొకటి ఉందని తెలిసే వయసు రాకముందే అది ముగిసిపోతుంది. పెద్దయ్యాక ధైర్యం చేసి నోరు విప్పితే ఇంట్లోవాళ్ళ దగ్గర నుంచి కోర్టు గుమ్మం దాకా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఇన్నాళ్ళూ ఏం చేశావు?

ఈ విషయంలో జనంలో రెండు పొరపాటు అభిప్రాయాలున్నాయి. పిల్లలపై జరిగే లైంగిక నేరాలన్నిటికీ గడువు ఉందని కొందరు అనుకుంటారు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు తెచ్చిన పోక్సో చట్టం వచ్చాక ఏ నేరానికీ గడువు లేదని మరికొందరు నమ్ముతారు. రెండూ నిజం కాదు. గడువు లెక్క పోక్సోలో లేదు, క్రిమినల్ ప్రొసీజర్‌లో ఉంది. 1973 నాటి సీఆర్‌పీసీలో అది 468వ సెక్షన్. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, అంటే బీఎన్‌ఎస్‌ఎస్‌లో, 514వ సెక్షన్. నంబరు మారింది గానీ లెక్క మారలేదు. జరిమానాతో సరిపోయే నేరమైతే 6 నెలలు, ఏడాది లోపు జైలు శిక్ష పడే నేరమైతే ఏడాది, ఏడాది దాటి మూడేళ్ళ లోపు శిక్ష పడేదైతే 3 ఏళ్ళు. ఆ లోపు ఫిర్యాదు అందకపోతే కోర్టు కేసును విచారణకు స్వీకరించకూడదు. గరిష్ఠ శిక్ష మూడేళ్ళు దాటే నేరాలకు మాత్రం గడువన్నదే లేదు.

కాబట్టి అత్యాచారానికి గడువు లేదు. పోక్సో కింద లైంగిక దాడికీ లేదు, ఎందుకంటే దానికి శిక్ష 3 నుంచి 5 ఏళ్ళు. నలభై ఏళ్ళ మనిషి తన పదో ఏట జరిగిన అత్యాచారంపై ఇవాళ ఫిర్యాదు ఇచ్చినా గడువు పేరుతో కొట్టేయడానికి వీల్లేదు. ఈ మాట ఇంకా చాలా ఇళ్ళకు చేరలేదు, చేరవలసిన మాట.

చిక్కంతా ఆ మూడేళ్ళ గీతకు కిందనున్న నేరాలతోనే. పోక్సో 12వ సెక్షన్ కింద లైంగిక వేధింపుకు శిక్ష మూడేళ్ళ దాకా, అందువల్ల గడువు మూడేళ్ళు. బిడ్డకు అసభ్య చిత్రాలు చూపించడం, బిడ్డ చేత ఒంటిమీద బట్టలు తీయించి చూడడం, వెంటపడడం, ఫోనులో వెంటాడడం, ఫొటో బయటపెడతానని బెదిరించడం, ఇవన్నీ వేధింపు కిందికే వస్తాయి. చేయి వేస్తే గడువు లేదు. చేయి వేయకుండా ఏడాది పొడవునా బిడ్డను నరకంలో ఉంచితే గడువు మూడేళ్ళు. స్మార్ట్‌ఫోన్లు రాకముందు ఈ తేడాకు కొంత అర్థం ఉండేదేమో. ఇప్పుడు బిడ్డకు జరిగే హానిలో ఎంత భాగం చేతితో జరుగుతోంది, ఎంత భాగం తెర మీదుగా జరుగుతోంది అని అడిగితే ఆ గీత నిలవదు. పైగా ఏ చేష్ట ఏ సెక్షన్ కిందికి వస్తుందన్న దగ్గరే పెద్ద కోర్టులు తడబడ్డాయి. బట్టల మీది నుంచి తాకితే అది పోక్సో లైంగిక దాడి కాదని 2021 జనవరిలో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి అంది. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. సెక్షన్ మారితే శిక్షతో పాటు గడువు కూడా మారిపోతుందని గుర్తుంచుకుంటే ఆ వివాదం ఎంత బరువైనదో తెలుస్తుంది.

ఒక ఊహ తీసుకుందాం. మధురవాడలో ఒక ఇల్లు. 2005లో పుట్టిన ఆడపిల్ల. అమ్మమ్మ తన పేరున ఉన్న రెండొందల గజాల స్థలాన్ని మనవరాలి పేర రాసింది. 2014లో, పిల్లకు తొమ్మిదేళ్ళప్పుడు, రెండు సంగతులు జరిగాయి. తండ్రి డబ్బు అవసరమై, కోర్టు అనుమతి తీసుకోకుండా ఆ స్థలం అమ్మేశాడు. అదే ఏడాది, మేడ మీద వాటాలో అద్దెకుండే మనిషి, పిల్ల ‘అంకుల్’ అని పిలిచే మనిషి, తల్లి ఇంట్లో లేనప్పుడు ఫోనులో చూపకూడనివి చూపించాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. పిల్ల చెప్పలేదు.

స్థలం సంగతి ముందు చూద్దాం. మైనరు ఆస్తిని కోర్టు అనుమతి లేకుండా సంరక్షకుడు అమ్మితే ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకునే హక్కు ఆ బిడ్డకుంటుందని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెబుతుంది. గడువు మూడేళ్ళు. అయితే ఆ మూడేళ్ళు అమ్మిన రోజు నుంచి మొదలు కావు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం బిడ్డకు 18 నిండిన రోజు నుంచి మొదలవుతాయి. కాబట్టి ఆ అమ్మాయికి 2023లో పద్దెనిమిది నిండితే 2026 దాకా వ్యవధి ఉంది. చిన్నప్పుడు సంగతులు తెలియవు, తెలిసినా సొంతంగా కోర్టుకు వెళ్ళలేదు, తండ్రిని ఎదిరించలేదు, అందుకని పెద్దదయ్యేదాకా ఆగుదామని చట్టం ఆలోచించింది. ఎంత సబబైన ఆలోచన!

ఇప్పుడు మేడ మీది మనిషి సంగతి. 2014లో జరిగిన వేధింపుకు మూడేళ్ళ గడువు 2017తో ముగిసింది. అప్పటికి పిల్లకు పన్నెండేళ్ళు. ఏడో తరగతి. అతను ఇంకా అదే మేడ మీద ఉన్నాడేమో. ఆమె పద్దెనిమిదో పుట్టినరోజు నాటికి ఆ కేసు గడువు తీరి ఆరేళ్ళయింది. రెండొందల గజాల స్థలం కోసం చట్టం ఆమె ఎదుగుదలకు ఆగింది. ఆమె కోసం ఆగలేదు.

ఇది ఎవరో కుట్ర పన్ని చేసినది కాదు. సివిల్ వ్యవహారాల్లో మైనరు పక్షాన గడియారాన్ని ఆపడం పాత సంప్రదాయం. క్రిమినల్ కేసుల్లో గడువు అన్నదే 1973 కోడ్‌తో కొత్తగా వచ్చింది, 1898 నాటి కోడ్‌లో అది లేదు. చిన్నాచితకా నేరాల కేసులు ఏళ్ళ తరబడి సాగకూడదని, సాక్షులు మరిచిపోకముందే తేలిపోవాలని, నిందితుడి నెత్తిన జీవితాంతం కత్తి వేలాడకూడదని ఆ గడువు పెట్టారు. ఇద్దరు పెద్దవాళ్ళు తగువులాడుకుని ఒకరినొకరు తిట్టుకున్న కేసుకు ఈ తర్కం సరిపోతుంది. ఆలస్యం అమృతం విషం అన్న సామెత పెద్దవాళ్ళ వ్యవహారాలకు చెప్పిందే. తొమ్మిదేళ్ళ పిల్లను దృష్టిలో పెట్టుకుని ఆ అధ్యాయం రాసినవారు ఎవరూ లేరు. గడువు లెక్కలోంచి ఏ కాలాన్ని తీసేయాలో బీఎన్‌ఎస్‌ఎస్ 516వ సెక్షన్‌లో ఉంది: సదుద్దేశంతో వేరే కోర్టులో తిరిగిన కాలం, స్టే ఉన్న కాలం, ప్రభుత్వ అనుమతికి పట్టిన కాలం, నిందితుడు దేశం వదిలి వెళ్ళిన లేదా పరారీలో ఉన్న కాలం. నిందితుడు పారిపోతే గడియారం ఆగుతుంది. బాధితురాలు మూడో తరగతిలో ఉంటే ఆగదు.

గడువు ఎప్పుడు మొదలవుతుందన్న దగ్గర చట్టంలో ఒక కిటికీ తెరిచే ఉంది. నేరం జరిగిన సంగతి బాధితులకు గానీ పోలీసు అధికారికి గానీ తెలియనప్పుడు, తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. ఈ ‘తెలియడం’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. తొమ్మిదేళ్ళ పిల్లకు తన కళ్ళ ముందు ఏదో జరిగిందని తెలుసు. అది నేరమని తెలుసా? కడుపులో తిప్పినట్టవడం, ఆ మెట్లెక్కాలంటే భయం, ఇవన్నీ ఆమె అనుభవాలు. వాటికి పేరు పెట్టే మాట ఆమె దగ్గర లేదు, మన ఇళ్ళలో ఆ మాటలు పిల్లలకు ఎవరూ నేర్పరు. స్కూల్లో మంచి స్పర్శ, చెడు స్పర్శ పాఠం చెప్పిన రోజున, లేదా ఇంటర్లో స్నేహితురాలు తన సంగతి చెప్పుకున్న రోజున, హఠాత్తుగా ‘నాకు జరిగింది ఇదే కదా’ అని అర్థమవుతుంది. సంఘటన తెలిసింది ఆనాడు, నేరం తెలిసింది ఈనాడు. సెక్షన్‌లోని మాటను ఈ రెండో అర్థంలో చదవమని లాయర్లు వాదించవచ్చు. కానీ బాధితురాలి భవిష్యత్తు ఒక క్రియాపదాన్ని ఏ న్యాయమూర్తి ఎలా చదువుతారన్న దాని మీద ఆధారపడకూడదు. చట్టం స్పష్టంగా చెప్పాలి.

అర్థమైన తర్వాత కూడా నోరు విప్పడం అంత తేలిక కాదు. చేసినవాడు చాలాసార్లు ఇంటివాడే: బాబాయి, మావయ్య వరస, నాన్న స్నేహితుడు, ట్యూషన్ మాస్టారు. అమ్మకు చెబితే ‘ఎవరితోనూ అనకు, నాన్నకు తెలిస్తే చంపేస్తారు’ అన్న జవాబు. పద్దెనిమిది నిండాక పెళ్ళి సంబంధాల మాట మొదలవుతుంది, ఇప్పుడు ఈ గొడవ పైకి వస్తే ఎలా అంటారు. పెళ్ళయ్యాక అత్తవారింట తెలిస్తే ఎలా అంటారు. మగపిల్లవాడైతే మగవాడివై ఉండి ఏమిటీ మాటలంటారు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో జరిపించిన అధ్యయనంలో 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక హింసను ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వాళ్ళలో అత్యధికులు ఎవరికీ చెప్పుకోలేదు. సంస్థల్లో పిల్లలపై జరిగిన లైంగిక హింస మీద 2013 నుంచి 2017 దాకా విచారణ జరిపిన ఆస్ట్రేలియా రాయల్ కమిషన్ ముందుకు వచ్చినవారు తమకు జరిగింది మొదటిసారి మరొకరికి చెప్పడానికి సగటున 23.9 ఏళ్ళు పట్టింది. మూడేళ్ళ పక్కన ఈ అంకె పెట్టి చూస్తే చాలు.

ఇక దాచిపెట్టినవాళ్ళ సంగతి. ఇది అందరికీ తెలియాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా శిక్ష. సంస్థ బాధ్యుడు, అంటే ప్రిన్సిపాల్ లాంటివారు, తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా. కాగితం మీద బాగుంది. కానీ ఏడాది లోపు శిక్ష పడే నేరానికి గడువు ఏడాదే కదా! అంటే ఎనిమిదో తరగతిలో హాస్టల్‌లో జరిగిన సంగతిని యాజమాన్యం ఏడాది పాటు బయటికి పొక్కకుండా అణిచిపెట్టగలిగితే, ఆ పిల్ల అదే హాస్టల్ నుంచి పదో తరగతి పరీక్షకు బయల్దేరేసరికి, దాచినవాళ్ళు గడువు చాటున భద్రంగా ఉంటారు. నేరం చేసినవాడి మీద కేసు నడవవచ్చు, దాన్ని దాచినవాళ్ళ మీద నడవదు. ఎంత ఎక్కువ కాలం దాస్తే అంత క్షేమం. ఉత్తరాంధ్రలో మన్యం పిల్లలు చిన్నప్పుడే ఊళ్ళు వదిలి ఆశ్రమ పాఠశాలల్లో చేరతారు, ఇంటర్ పిల్లలు విశాఖ కాలేజీ హాస్టళ్ళలో రెండేళ్ళు గడుపుతారు. అమ్మానాన్నలు పండగలకు తప్ప కలవని పిల్లలకు ఆ సంస్థ పెద్దలే దిక్కు. మహారాష్ట్రలోని ఒక పాఠశాల హాస్టల్‌లో గిరిజన బాలికలపై జరిగిన దారుణం తెలిసి కూడా చెప్పలేదన్న ఆరోపణపై ఒక వైద్యుడి మీద పెట్టిన కేసును హైకోర్టు కొట్టేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించింది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, నేరస్థులను కాపాడే ప్రయత్నమని అంది. తీవ్రమైన నేరానికి ఏడాది గడువు ఎలా సరిపోతుంది? మౌనం కొనసాగినన్నాళ్ళూ నేరం కొనసాగుతున్నట్టే లెక్కించాలన్న వాదనకు చట్టంలో చోటుంది. కొనసాగే నేరాలకు గడువు ప్రతి క్షణం కొత్తగా మొదలవుతుందని బీఎన్‌ఎస్‌ఎస్ 518వ సెక్షన్ చెబుతుంది. ఆ వాదన మీద ఆధారపడకుండా 21వ సెక్షన్ శిక్షను పెంచడమో, గడువును ఎత్తేయడమో చేస్తే సూటిగా ఉంటుంది.

లైంగిక నేరాలతోనే ఇది ఆగదు. సంరక్షణలో ఉన్న బిడ్డ పట్ల క్రూరంగా ప్రవర్తిస్తే 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మామూలుగా మూడేళ్ళ దాకా శిక్ష, గడువూ అంతే. బాలల సంరక్షణ గృహంలో దండన పేరుతో కొడితే మొదటిసారి పదివేల జరిమానా, కాబట్టి గడువు ఆరు నెలలు. ఆ గృహంలో ఉన్న బిడ్డ ఎవరికి చెప్పుకోవాలి? ఆరు నెలల్లో చెప్పుకోవాలి.

2012 నవంబరు 14కు ముందు జరిగినవాటి పరిస్థితి ఇంకా దయనీయం. పోక్సో అమల్లోకి వచ్చింది ఆ రోజున. నేరం జరిగిననాడు లేని చట్టం కింద, అప్పటికన్నా ఎక్కువ శిక్ష వేయకూడదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతుంది, అది న్యాయమే. కాబట్టి పాత కేసులు అప్పటి శిక్షాస్మృతి ఐపీసీ కిందే నడవాలి. అత్యాచారానికి ఇబ్బంది లేదు. కానీ ఆడపిల్లను అసభ్యంగా తాకిన నేరానికి 354వ సెక్షన్ కింద 2013 సవరణ దాకా దేశంలో చాలాచోట్ల శిక్ష రెండేళ్ళే, గడువు మూడేళ్ళే. ఆంధ్రప్రదేశ్ 1991లోనే సొంత సవరణతో ఆ శిక్షను ఏడేళ్ళ దాకా పెంచింది, అంతకుముందు ఇక్కడా రెండేళ్ళే. 1980లలో విశాఖలో చదువుకున్న ఒక స్త్రీ ఇవాళ నలభై దాటి నోరు విప్పితే ఆ కేసు కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఇక మగపిల్లలకు ఆ సెక్షన్ కూడా వర్తించేది కాదు, అది స్త్రీల గురించి రాసినది. ‘అసహజ’ లైంగిక చర్యలను శిక్షించిన సెక్షన్ 377 దాకా పోని చేష్టలు మగపిల్లవాడి మీద జరిగితే దౌర్జన్యం, స్వల్ప గాయం లాంటి చిన్న సెక్షన్లే దిక్కు. వాటి గడువు ఏడాది.

2018లో ఈ విషయం ఒకసారి జాతీయ స్థాయిలో చర్చకొచ్చింది. చిన్నప్పుడు తనకు జరిగినదానిపై దశాబ్దాల తర్వాత కేసు పెట్టబోయి కుదరక, కెనడాలో స్థిరపడిన ఒక భారతీయ శాస్త్రవేత్త కేంద్రాన్ని ఆశ్రయించారు. అప్పటి కేంద్ర మంత్రి మేనకా గాంధీ న్యాయశాఖ సలహా అడిగారు. నేరం గురించి తెలియజేయడానికి పోక్సో 19వ సెక్షన్‌లో ఎలాంటి గడువూ కనిపించడం లేదని న్యాయశాఖ జవాబిచ్చింది. ఏ వయసులోనైనా ఫిర్యాదు చేయవచ్చని మంత్రి ప్రకటించారు. పత్రికలు దాన్ని గడువు రద్దయినట్టుగా రాశాయి. అది మంచి ప్రకటనే, ఎందరికో ధైర్యమిచ్చి ఉంటుంది. కానీ ఫిర్యాదు ఇవ్వడానికి గడువు లేకపోవడం వేరు, కోర్టు దాన్ని స్వీకరించడానికి గడువు లేకపోవడం వేరు. పోక్సో కోర్టు విచారణకు సాధారణ ప్రొసీజరే వర్తిస్తుందని ఆ చట్టం 31వ సెక్షనే చెబుతుంది. మంత్రి ప్రకటన 468వ సెక్షన్‌ను మార్చలేదు. ఆ తర్వాత 2019లో పోక్సోకు సవరణ తెచ్చి శిక్షలు పెంచారు, తీవ్రమైన నేరాలకు మరణశిక్ష దాకా వెళ్ళారు. 2023లో ప్రధాన క్రిమినల్ చట్టాలను తిరగరాశారు. రెండుసార్లూ గడువు సంగతి ఉన్నచోటే ఉండిపోయింది. ఉరిశిక్ష చేర్చడం కన్నా ఒక గడియారాన్ని ఆపడం చిన్న పని. అయినా జరగలేదు.

పార్లమెంటుకు గడువు ఎత్తేయడం చేతకాదని కాదు. 1973 కోడ్ 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అదే 1974లో ఆర్థిక నేరాలకు ఈ గడువులు వర్తించవంటూ ప్రత్యేక చట్టం చేశారు. ఆదాయపు పన్ను, కస్టమ్స్, ఎక్సైజ్ చట్టాల కింద వచ్చే నేరాలన్నీ అందులో చేరాయి. విశాఖ పోర్టులో దొంగదారిన సరుకు దింపినవాడు మూడేళ్ళు తప్పించుకు తిరిగితే ఖజానాకు అన్యాయం జరుగుతుందని పాలకులకు వెంటనే తట్టింది. సరైన నిర్ణయమే. పిల్లల విషయంలో అలాంటి చట్టం కోసం ఎదురుచూపు అర్ధశతాబ్దం దాటింది.

ఇతర దేశాలు ఏం చేశాయో చూస్తే దారులు కనిపిస్తాయి. జర్మనీలో పిల్లలపై లైంగిక నేరాలకు గడువు బాధితులకు 30 ఏళ్ళు నిండేదాకా మొదలే కాదు. ఫ్రాన్స్ 2018లో అత్యాచారాలకు గడువును బాధితులు మేజరైన నాటి నుంచి 30 ఏళ్ళు చేసింది, అంటే 48వ ఏడు దాకా. ఇంగ్లండ్‌లో తీవ్రమైన నేరాలకు గడువే లేదు. అమెరికాలో న్యూయార్క్ 2019లో గడువులు పెంచింది, సివిల్ దావాలకైతే 55 ఏళ్ళ వయసు దాకా. అక్కడే ఒక హద్దు కూడా తేలింది. అప్పటికే గడువు తీరిపోయిన నేరాన్ని కొత్త చట్టంతో తిరిగి బతికించి ప్రాసిక్యూట్ చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2003లో అమెరికా సుప్రీంకోర్టు ఒక కాలిఫోర్నియా కేసులో చెప్పింది. మన దగ్గర సవరణ వచ్చినా ముందుగా మేలు జరిగేది ఇంకా గడువు తీరనివారికే. సవరణ ఆలస్యమయ్యే ప్రతి ఏడాదీ కొందరు పిల్లలు ఆ గీతకు అవతలికి జారిపోతున్నారు.

అభ్యంతరాలు లేకపోలేదు, వాటిని తేలిగ్గా తోసేయకూడదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆరోపణ వస్తే నిర్దోషి ఆ రోజున తాను ఎక్కడున్నాడో ఎలా నిరూపించుకుంటాడు? ఆస్తి తగాదాల్లో పిల్లల పేరు చెప్పి పాత కక్షలు తీర్చుకోరా? స్థలాల ధరలు ఆకాశాన్నంటిన విశాఖలో ఈ భయం అర్థం లేనిది కాదు. అందులోనూ పోక్సో 29వ సెక్షన్ కింద నేరం చేసినట్టే భావించి విచారణ మొదలవుతుంది, కాదని చూపే భారం నిందితుడిది. అయితే ఆ 29వ సెక్షన్ వర్తించేది 3, 5, 7, 9 సెక్షన్ల నేరాలకు. అంటే ఇప్పటికే గడువు లేని నేరాలకు. గడువు పొడిగించాలని అడుగుతున్న వేధింపు నేరానికి ఆ భావన వర్తించదు. నిందితుడి మనసులోని ఉద్దేశం ఒక్కటి తప్ప, అతను ఆ పని చేశాడని ప్రాసిక్యూషన్ మామూలుగానే రుజువు చేయాలి. పైగా నిజానిజాలు వడపోయడం గడువు పని కాదు. మూడేళ్ళ లోపు పెట్టిన అబద్ధపు కేసు గడువులోకి వస్తుంది, మూడేళ్ళు దాటిన నిజం కేసు బయట పడుతుంది. వడపోత సాక్ష్యం చేయాలి, క్యాలెండర్ కాదు.

సాక్ష్యం దగ్గర చేయగలిగిన పని చాలా ఉంది. పాత కేసులో వైద్య పరీక్ష ఉండదు. ఉండేవి కాగితాలే: స్కూలు అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, హాస్టల్ గేటు దగ్గర సందర్శకుల పుస్తకం, టీసీలో హఠాత్తుగా బడి మారిన తేదీ, అప్పట్లో స్నేహితురాలికి రాసిన ఉత్తరం, ఫోనులో మిగిలిన మెసేజి. ఆ మేడ మీది మనిషి 2014లో అక్కడ అద్దెకున్నాడని చెప్పే అద్దె ఒప్పందం. ఇవి నిందితుడికీ పనికొస్తాయి. ఆ ఏడాది తాను వేరే ఊళ్ళో ఉన్నట్టు చూపించేవీ ఇలాంటి కాగితాలే. కాబట్టి గడువు పొడిగించాలని అడిగేవారు రికార్డులను ఎక్కువ కాలం భద్రపరచాలని కూడా అడగాలి. హాస్టళ్ళ రిజిస్టర్లు పాతసామాన్లవాడికి తూకానికి వేసే వస్తువులు కావు.

మార్పు ఢిల్లీలోనే జరగాలని లేదు. క్రిమినల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలోది, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల విషయం. రాష్ట్ర శాసనసభ సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదం పొందితే ఆ రాష్ట్రంలో చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్ 2019 డిసెంబరులో దిశ బిల్లు తెచ్చింది అలాగే. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ అంది. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. ఆ బిల్లు ఆలోచించింది ఫిర్యాదు అందిన తర్వాతి పరుగు గురించి. ఫిర్యాదు అందడానికి ముందు బిడ్డ లోపల గడిచే ఏళ్ళ గురించి కాదు. 21 రోజుల్లో తీర్పు సాధ్యమా కాదా అన్నది వేరే చర్చ. 516వ సెక్షన్‌లో ‘నేరం జరిగినప్పుడు బాధితులు పద్దెనిమిదేళ్ళ లోపువారైతే ఆ వయసు నిండేదాకా గడిచిన కాలాన్ని లెక్కించరాదు’ అన్న ఒక్క వాక్యం చేర్చడానికి కొత్త కోర్టు కట్టక్కర్లేదు, కొత్త స్టేషన్ తెరవక్కర్లేదు. అది కనీసం. పద్దెనిమిది తర్వాతి మూడేళ్ళు పెళ్ళిచూపుల మధ్య, డిగ్రీ పరీక్షల మధ్య ఇట్టే కరిగిపోతాయి కాబట్టి పోక్సో నేరాలకు గడువే లేకుండా చేయడం ఇంకా మంచిది. బాల్యవివాహం జరిగిన బిడ్డ దాన్ని రద్దు చేయించుకోవడానికి మేజరయ్యాక రెండేళ్ళ దాకా వ్యవధి ఇచ్చిన 2006 చట్టం మన ముందే ఉంది. పిల్లల కోసం గడియారం ఆపడం మన చట్టాలకు కొత్త కాదు.

అప్పటిదాకా ఉన్న దారి బీఎన్‌ఎస్‌ఎస్ 519. ఆలస్యానికి తగిన కారణం చూపినా, న్యాయం కోసం అవసరమనిపించినా, గడువు దాటిన కేసును కోర్టు స్వీకరించవచ్చు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక భార్యాభర్తల కేసులో 1993లో సుప్రీంకోర్టు, ఈ అధికారం గడువు నియమం కన్నా పైదని, ఇంటి లోపల నలిగిన స్త్రీ విషయంలో రోజులు లెక్కపెట్టడం కన్నా న్యాయ ప్రయోజనం చూడాలని చెప్పింది. ఇంటి లోపల నలిగిన బిడ్డకు ఆ మాట ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. లైంగిక నేరాల్లో ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన అబద్ధం అనుకోకూడదని 1996 నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది.

గడువు తీరిందో లేదో తేల్చేది న్యాయమూర్తి, స్టేషన్ రైటరు కాదు. ‘ఎప్పటి సంగతమ్మా ఇది, టైమ్ అయిపోయింది’ అని పంపేయడానికి పోలీసులకు అధికారం లేదు. పోక్సో కింద అందిన ప్రతి సమాచారానికీ ఎంట్రీ నంబరు వేసి రాసుకోవాలని 19వ సెక్షనే చెబుతుంది. విశాఖలో జరిగిన దానికి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నవారు అక్కడి స్టేషన్‌లోనే సమాచారం ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లో సంతకం పెట్టవచ్చు. ఒకే వ్యక్తి చేసిన చిన్నా పెద్దా నేరాలు కలిపి విచారించదగినవైతే గడువు పెద్ద నేరం లెక్కన చూస్తారు, అందుకని జరిగిందంతా చెప్పాలి, ‘ఇది చిన్నదిలే’ అని ఏదీ వదిలేయకూడదు. బాధితుల పేరు, ఊరు బయటపెట్టడం నేరం. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అందులో సమాచారం నమోదైన తేదీ సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకోవాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 514 వివరణ ప్రకారం గడువు లెక్క ఆగేది ఆ తేదీ దగ్గరే.